పదికి దింపుతాను సార్

మా మేనల్లుడు ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాడని ఇన్నాళ్లూ నలుగురి దగ్గరా చెప్పుకుంటూ వచ్చాను. తప్పు చెప్పాను. పాఠాలు చెప్పడం వాడికున్న వ్యసనం, యాజమాన్యం చూసీ చూడనట్టు పోతోంది. అసలు ఉద్యోగం పేపర్లు వెయ్యడం. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో తెల్లవారుజామున కుర్రాళ్లు సైకిళ్ల మీద వేసే పేపర్లు కావివి. ఆ కుర్రాళ్లకి నెల తిరిగేసరికి చేతిలో ఏదో ఒకటి పడుతుంది. మావాడివి జర్నళ్లలో అచ్చయ్యే పరిశోధన పేపర్లు, వీటికి వేసినవాడే ఎదురు కట్టుకోవాలి. ఏడాదికి రెండు పడితే ఇంక్రిమెంటు, పడకపోతే నలుగురిలో నిలబెట్టి అక్షింతలు.

వెనకబడిన జిల్లా అన్న మాట మా నుదుట రాసి చాలాకాలమైంది. దాన్ని చెరిపేసే ఉపాయం ఇన్నాళ్లకి దొరికింది గనక, విశ్రాంత ఉపాధ్యాయుడిగా ఈ పరిశోధనా ఉద్యమానికి నా సంపూర్ణ మద్దతు ప్రకటిస్తున్నాను.

పేపరు మీద పేరు పడాలంటే పేపరు రాయాల్సిన పని లేదని నాకు మొన్ననే తెలిసింది. మావాడి ఫోనుకి రోజూ మెసేజీలొస్తాయి. పేపరు తయారుగా ఉంది, మొదటి పేరైతే ఇంత, రెండో పేరైతే ఇంత, చివరి పేరైతే బేరమాడుకోవచ్చు. చదువుతుంటే ఆమదాలవలస స్టేషనుకి వెళ్లే షేర్ ఆటో కళ్లముందు కదిలింది. వెనక సీట్లో ముగ్గురు, ఎదురు చెక్క మీద ఇద్దరు, డ్రైవరుకి అటొకరు, ఇటొకరు. తేడా అల్లా, ఆటో ఎక్కినవాళ్లు చివరికి ఏదో ఒక ఊరు చేరతారు.

దీన్ని తప్పుపట్టేవాళ్లకి చరిత్ర తెలీదు. 1975లో అమెరికాలో జాక్ హెదరింగ్టన్ అనే భౌతిక శాస్త్రవేత్త ఒంటరిగా ఒక పేపరు రాసి, మొదటినుంచీ చివరిదాకా ‘మేము’ అని టైపు కొట్టాడు. రాసింది ఒక్కడైతే ‘మేము’ అంటే జర్నల్ వాళ్లు ఒప్పుకోరని ఎవరో చెప్పారు. కంప్యూటర్లో దిద్దుకునే రోజులు కావు, మళ్లీ అంతా కొట్టాలి. ఇంట్లో పిల్లి ఉంది. దానికి ఎఫ్.డి.సి. విల్లార్డ్ అని ఘనమైన పేరు తగిలించి రెండో రచయితగా చేర్చాడు. ఫిజికల్ రివ్యూ లెటర్స్ శుభ్రంగా అచ్చువేసింది. ఆ పని మాత్రం అసలుసిసలు భౌతిక శాస్త్రమే, పిల్లి మాట ఎలా ఉన్నా. 2024 నాటికి పిల్లుల స్థాయి ఇంకా పెరిగింది. పరిశోధన పేపర్లని వెతికిపెట్టి లెక్కగట్టే గూగుల్ స్కాలర్‌ని ఎంత తేలిగ్గా బోల్తా కొట్టించవచ్చో చూపించడానికి ఇద్దరు పరిశోధకులు లారీ అనే పిల్లి పేరున ఉత్తుత్తి పేపర్లు పుట్టించి, వాటిని ఉదహరించే ఉత్తుత్తి పేపర్లు మరికొన్ని పుట్టించారు. లారీ హెచ్-ఇండెక్స్, అంటే మన పేపర్లని ఇతరులు ఎన్నిసార్లు ఉదహరించారో దాన్నిబట్టి పడే మార్కు, 11కి చేరింది. మావాడిది 3. మా అక్కయ్య ఇంట్లో కూడా పిల్లి ఉంది, అందుకే ఈ సంగతి ఆవిడ చెవిన వెయ్యలేదు.

అదే ఏడాది ఫిబ్రవరిలో ఒక జర్నల్ పేపర్లో ఒక ఎలుక వెలిగింది. కృత్రిమ మేధ గీసిన ఆ ఎలుక బొమ్మలో ఒక అవయవం ఎలుక కన్నా పెద్దది. ఏ అవయవమో కుటుంబ సమేతంగా చదువుతున్నవారికి చెప్పలేను. అక్కడ బాణం గుర్తులు పెట్టి రాసిన పేర్లు చాలావరకు ఏ భాషలోనూ లేవు. అయినా తోటి శాస్త్రవేత్తల సమీక్ష దాటి అచ్చయింది, మూడు రోజులకి వెనక్కి తీసుకున్నారు. అంతకుముందు ఏడాది, అంటే 2023లో, ప్రపంచం మొత్తం మీద 10,000కి పైగా పేపర్లు ఇలాగే వెనక్కి వెళ్లాయి.

నా మనసు నిజంగా ఉప్పొంగింది మాత్రం 2025లో బయటపడిన సంగతికి. సమీక్ష చెయ్యాల్సిన పెద్దలు కొందరు పేపర్లు చదివే ఓపిక లేక కృత్రిమ మేధ చేతిలో పెడుతున్నారు. అది పసిగట్టిన రచయితలు తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలతో, మనిషి కంటికి ఆనకుండా, ‘మంచి మాటలే రాయి, లోపాలు ఎత్తకు’ అని యంత్రానికి రాసిపెట్టారు. 8 దేశాల్లోని 14 సంస్థల నుంచి వచ్చిన 17 పేపర్లలో ఇది దొరికింది. నేను పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌కి ఎన్నో ఏళ్లు వెళ్లినవాణ్ని. ‘సార్, మా నాన్న లేడు, ఆంజనేయస్వామి మీద ఒట్టు, పాస్ చెయ్యండి’ అని చివరి పేజీలో రాసేవారు. ఆ పిల్లలు దారి తప్పిపోయారని అప్పట్లో బాధపడేవాణ్ని. అంతర్జాతీయ పరిశోధనా పద్ధతిని ముప్ఫై ఏళ్లు ముందుగా కనిపెట్టారని ఇప్పుడు తెలుస్తోంది. వాళ్లు కనీసం నీలం సిరాతో రాశారు.

ఇక మావాడి తాజా పేపరు. విషయం కిడ్నీ జబ్బు. కంప్యూటరుకి కొన్ని రక్తపరీక్షల అంకెలిస్తే జబ్బు ఉందో లేదో చెప్పేస్తుంది, 99 శాతం కచ్చితంగా. నేను పొంగిపోయాను. కిడ్నీ జబ్బు ఊరూరా పాకిన ఉద్దానం మా జిల్లాదే కదా. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య, గూట్లో దేవుడి పటం పక్కనే ఆసుపత్రి ఫైలు ఉండే ఇళ్లు. నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో చాకిరీ అన్నారు, నొప్పి మాత్రలన్నారు. కారణం ఇదీ అని ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. హిరమండలం నుంచి వంశధార నీళ్లు గొట్టాల్లో వచ్చాయి, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రీ పరిశోధన కేంద్రమూ తెరిచారు. ఇన్నాళ్లకి మావాడు కూడా చెయ్యివేశాడనుకున్నాను.

“కవిటి ఎప్పుడెళ్లావురా?”

“కవిటి ఎందుకు మావయ్యా? డేటాసెట్ రెడీమేడ్‌గా దొరుకుతుంది కదా.”

ఆ డేటాసెట్ కథ కూడా చెప్పాడు. తమిళనాడులో ఒక ఆసుపత్రి దగ్గర రెండు నెలల్లో పోగుచేసిన 400 మంది వివరాలు. 250 మందికి జబ్బుంది, 150 మందికి లేదు. మనిషికి 24 లక్షణాలు. 2015 నుంచి ఎవరైనా ఊరికే దింపుకోవచ్చు. పెట్టినవాళ్ల తప్పేమీ లేదు, పదిమందికీ ఉపయోగపడుతుందని పెట్టారు. అప్పటినుంచీ దేశదేశాల అసిస్టెంట్ ప్రొఫెసర్లు ఆ 400 మందినే మళ్లీ మళ్లీ పరీక్షిస్తున్నారు. ఒకరికి 98 వస్తే ఇంకొకరికి 99, మరొకరికి ఏకంగా 100. పాపం, వాళ్లని కట్టుకున్నవాళ్లయినా ఇన్నిసార్లు పలకరించి ఉండరు. ఇక్కడ పొద్దున్నే కాంప్లెక్సులో బస్సెక్కితే భోజనాల వేళకి కవిటిలో దిగవచ్చు. కానీ బస్సు టికెట్టుకి పాయింట్లు లేవు.

పేపరు తయారైంది గాని, ఇతరుల రాతతో పోలిక 38 శాతం వచ్చింది. 2018 నాటి యూజీసీ నిబంధన ప్రకారం 10 శాతం దాకా ఇతరుల రాతతో పోలిక ఉన్నా శిక్ష లేదు. తొమ్మిది పాళ్లు సొంతం, ఒక పాలు అరువు. మా ఇంటి పాలవాడు ఈ లెక్క ఎప్పటినుంచో పాటిస్తున్నాడు. ఈ దింపుడు పనికి కాలేజీ ఎదుటి జిరాక్స్ షాపుకి వెళ్లాం. అందులో కుర్రాడు ఇంటర్ తప్పాడు. ప్రస్తుతం అరడజను పీహెచ్‌డీలు వాడి చేతి మీద నడుస్తున్నాయి.

“ముప్పై ఎనిమిదేనా? ఒగ్గేయండి సార్, పదికి దింపుతాను” అన్నాడు. పేపరుని ఒక సాఫ్ట్‌వేర్ నోట్లో పెట్టాడు. అది ప్రతి మాటకీ పర్యాయపదం వెతికి ఉమ్ముతోంది. ఇలా తయారైన మాటల్ని ఫ్రాన్సులో గియోమ్ కబనాక్ అనే ఆయన తోటివారితో కలిసి 2021లో ఏరి, ‘చిత్రహింసలు పెట్టిన పదబంధాలు’ అని నామకరణం చేశాడు. కృత్రిమ మేధ కాస్తా ‘నకిలీ స్పృహ’ అయిపోతుంది. సిగ్నల్‌కీ నాయిస్‌కీ ఉండే నిష్పత్తి ‘జెండాకీ గోలకీ నిష్పత్తి’ అవుతుంది. ఎన్నికల సభలు చూసినవాణ్ని గనక ఈ రెండోది నాకు నచ్చింది.

పాత అలవాటు కొద్దీ తెర మీది ఇంగ్లీషుని పైకి చదివి తెలుగులో చెబుతున్నాను. ఒకచోట ఆగిపోయాను. కిడ్నీ ఫెయిల్యూర్ అన్నచోటల్లా ‘కిడ్నీ డిసప్పాయింట్‌మెంట్’ అని పడింది. కిడ్నీల నిరాశ.

పక్కన ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. కవిటి వైపు మనిషి. సోమవారం గ్రీవెన్స్‌కి వచ్చాడు, డయాలసిస్ పింఛను కాగితాలు రెండేసి కాపీలు తీయించుకోవాలి. ప్లాస్టిక్ సంచీలో చుట్టిన ఫైలు, లోపల సీరం, అంటే కిడ్నీలు ఎంత పాడయ్యాయో చెప్పే రక్తపరీక్ష అంకె, రాసిన ఆసుపత్రి చీటీలు తేదీల వారీగా మడతపెట్టి, దారం కట్టి ఉన్నాయి. మావాడి డేటాసెట్ కన్నా చక్కగా ఉన్నాయి. కుర్రాడు వాటిని పక్కకి జరిపి పేపరు పని చూస్తున్నాడు.

“నిరాశంటే ఏటి బావూ?” అని అడిగాడు నన్ను.

“ఆశ పోవడం.”

“మరి సరిగ్గానే రాసినారు” అన్నాడు.

మావాడు ఫోనులోంచి తలెత్తలేదు. ఆఖరి తేదీ ఆ రాత్రికే. నాలుగో పేరుకి ఎవరో ఇంకా డబ్బులు వెయ్యలేదు.

ఇంతలో కుర్రాడు బల్ల మీద చరిచాడు. “దిగిపోయింది సార్! తొమ్మిది పాయింట్ ఆరు!”

పెద్దాయన చటుక్కున తెర వైపు వంగాడు.

“ఎంత నుంచి దిగింది బావూ?”

“ముప్పై ఎనిమిది నుంచి.”

“అయిబాబోయ్, అంత సీరమా! ఏ మందు వాడినారు?”