బాల్కనీలో పైరాడ్డు కిందికి దిగితే...

విశాఖ బీచ్ రోడ్డుకు దగ్గర్లో, లాసన్స్‌బే కాలనీలోనో పెదవాల్తేరులోనో, పాత బాల్కనీల అడుగు భాగాన్ని తలెత్తి చూడండి. పెచ్చులూడి తుప్పురాడ్డు బయటపడ్డవి కనిపిస్తాయి. తప్పంతా ఉప్పుగాలి మీదికి నెట్టేస్తాం. కానీ ఉప్పుగాలి ఉంటుందని తెలిసే కదా ఇక్కడ ఇల్లు కడతాం?

తీర వాతావరణానికి గురయ్యే కాంక్రీటును మన దేశ కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 ‘తీవ్ర’ తరగతిలో పెట్టింది. రాడ్డుపై కవర్, అంటే రాడ్డును కప్పే కాంక్రీటు మందం, 45 మిల్లీమీటర్లు, కాంక్రీటు బలం కనీసం ఎం30 గ్రేడు, నీరు-సిమెంటు నిష్పత్తి 0.45 లోపు. అంటే 50 కిలోల బస్తాకు ఇరవై రెండున్నర లీటర్ల నీళ్లు, తడి ఇసుకలో ఉన్నదీ కలుపుకొని. చిన్న భవనాల డ్రాయింగుల్లో చాలావాటిలో ఈ అంకెలే ఉండవు. లోతట్టు ఊరికి వేసిన డిజైనే పేరు మారి తీరానికి వచ్చేస్తుంది. ఇంటి ముఖం చూపే రంగుల ఎలివేషన్‌కు పెట్టిన శ్రద్ధలో పావు వంతు, లోపల రాడ్డు ఎక్కడుందో కోసి చూపే సెక్షన్‌కు పెట్టరు. ఇది డిజైన్ వృత్తికే తలవంపు.

డ్రాయింగ్ చెప్పనిది మేస్త్రి తేల్చాలి. బాల్కనీనే తీసుకోండి. గోడ నుంచి ముందుకొచ్చిన స్లాబ్ కాబట్టి లాగుడు పైభాగంలో ఉంటుంది, అసలు రాడ్డు పైనే ఉండాలి. 150 మిల్లీమీటర్ల మందం స్లాబ్‌లో 45 కవర్‌తో 10 ఎంఎం రాడ్డు కడితే, అడుగు నుంచి రాడ్డు మధ్యకు 100 మిల్లీమీటర్లు. కాంక్రీటు మోసేవాళ్లు తొక్కితే అది 30 మిల్లీమీటర్లు కిందికి దిగిందనుకోండి, 70 మిగులుతుంది. బలంలో దాదాపు మూడో వంతు పోయినట్టే. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు.

పని తెలిసిన రాడ్ బెండర్ ఇక్కడ పైరాడ్డును ఎత్తి పట్టే కుర్చీలను ముక్క రాడ్లతో వంచి, మీటరుకొకటి చొప్పున నిలబెడతాడు. నడవడానికి చెక్కలు వేయిస్తాడు. కవర్ కోసం కంకర రాయి దూర్చడు, గట్టి మోర్టారు బ్లాకులే కడతాడు. కాంక్రీటు పడుతున్నంతసేపూ అక్కడే ఉండి, దిగిన రాడ్డును కొక్కెంతో పైకి లాగుతాడు. ఈ చివరి పనికే చాలా సైట్లలో మనిషి ఉండడు. రాడ్డు కట్టడం అయిపోగానే బెండర్లు ఇంకో సైటుకు వెళ్లిపోతారు.

వెళ్లక ఏం చేస్తారు? కూలీ చదరపు అడుగు లెక్కన మాట్లాడుకున్నప్పుడు కుర్చీకి, కాపలాకు పైసా రాదు. మధురవాడ వైపు కట్టడాలు పెరిగేకొద్దీ మంచి బెండరు, సెంట్రింగ్ వడ్రంగి కోసం కాంట్రాక్టర్లు పోటీ పడుతున్నారు. అయినా వాళ్ల కొడుకులు ఈ పనిలోకి రావడం లేదు. నేర్చుకునే కుర్రాడికి హెల్పర్ కూలీ తప్ప ఇంకేమీ కనపడకపోతే ఎందుకొస్తాడు? కంచరపాలెం ఐటీఐ లాంటి చోట, పనిలో ఉన్నవాళ్లకే సాయంత్రం పూట డ్రాయింగ్ చదవడం నేర్పాలి.

నీళ్ల సంగతీ ఉంది. తీరం దగ్గర బోరు ఉప్పెక్కితే ఆ నీళ్లతోనే కలిపేస్తుంటారు. ఆర్‌సీసీకి, అంటే రాడ్డు వేసిన కాంక్రీటుకు, వాడే నీళ్లలో ఉప్పులోని క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. పరీక్ష చేయించకుండా బోరు నీళ్లు వాడితే తుప్పును లోపల పెట్టి పోసినట్టే, అప్పుడు కవర్ ఎంత ఉన్నా కాపాడదు.

కాబట్టి ఇల్లు కట్టించుకునేవారు ఇంజినీరును బాల్కనీ సెక్షన్ విడిగా గీయమని అడగాలి. కుర్చీ ఎత్తు, కవర్, రాడ్డు లోపలి గదిలోకి ఎంత దూరం పోవాలో అందులో అంకెల్లో రాయించుకోవాలి. కుర్చీలకు, కాంక్రీటు రోజు బెండరు నిలబడినందుకు కూలీ ఒప్పందంలో వేరే పద్దు రాయాలి. స్లాబ్ పోసే ముందు ఆ కాగితాన్ని చేత్తో పట్టుకుని, టేపు పెట్టి కొలిపించాలి.