సవరణ: పళ్ల క్లిప్పులకు ముందు పరీక్ష ఎప్పుడు?

పాలపళ్లన్నీ ఊడేదాకా పిల్లల్ని వంకర పళ్లు సరిచేసే డాక్టరైన ఆర్థోడాంటిస్ట్‌కి చూపించక్కర్లేదని క్రితం పోస్టులో ఉన్న మాటను ఇలా మార్చి చదువుకోండి: క్లిప్పులు ఎక్కువమందికి 10 నుంచి 14 ఏళ్ల మధ్యే వేసినా, తొలి పరీక్ష మాత్రం 7 ఏళ్లకల్లా అయిపోవాలి. అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ ఆర్థోడాంటిస్ట్స్ చెప్పేదీ ఇదే. నోరు మూసినప్పుడు పై పళ్లు కింది పళ్లకు లోపలగా పడుతుంటే అస్సలు ఆగొద్దు. పై దవడ ఇరుకైతే, అంగిలి మధ్య అతుకు ఇంకా గట్టిపడని ఆ వయసులో అంగిలికి బిగించే పరికరమైన ఎక్స్‌పాండర్‌తో వెడల్పు చేయడం తేలిక. పెద్దయ్యాక అదే పనికి ఆపరేషన్ దాకా వెళ్లాల్సి రావచ్చు. భయపడకండి, చూపించగానే క్లిప్పులు వేసేయరు. చాలామంది పిల్లల్ని అప్పుడప్పుడూ రమ్మని గమనిస్తారంతే. ఇంకో మాట, క్లిప్పులు తీశాక పళ్లు కదలకుండా పెట్టుకునే రిటైనర్ మానేస్తే పళ్లు మళ్లీ జరుగుతాయి.