పదో రోజున ఆగిపోయిన మాత్రలు

మా దగ్గరి బంధువు ఒకావిడకు డిప్రెషన్ అని డాక్టర్ ఎస్సిటలోప్రామ్ అనే మాత్రలు రాశారు. పదో రోజున "ఇవి నాకు పని చేయట్లేదు" అని మానేసింది. ఆ మందు గుణం తెలియాలంటే రెండు నుంచి ఆరు వారాలు పడుతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. మిగిలిన మాత్రలు ఫ్రిజ్ మీద నెలల తరబడి అలాగే పడి ఉన్నాయి.

డిప్రెషన్ చికిత్సలో కొత్తగా వస్తున్నవి చాలావరకు ఈ ఎదురుచూపును తగ్గించడానికే. చావాలనే ఆలోచన వెంటాడుతున్న మనిషిని ఆరు వారాలు ఓపిక పట్టమని ఎలా అంటాం?

ఆపరేషన్ థియేటర్లో మత్తుకు వాడే కెటమిన్‌ను తక్కువ మోతాదులో ఇస్తే కొందరికి గంటల్లోనే మనసు తేలికపడుతుంది. పాత మందుల్లా సెరొటోనిన్ అనే మెదడు రసాయనం మీద కాకుండా గ్లుటమేట్ అనే మరో రసాయనం మీద పని చేయడం దీని ప్రత్యేకత. దీన్నుంచే వచ్చిన ఎస్కెటమిన్ ముక్కు స్ప్రేకి అమెరికా 2019లో అనుమతి ఇచ్చింది. కానీ అది ఇంటికి తెచ్చుకునే మందు కాదు. ఆస్పత్రిలోనే పీల్చాలి. బీపీ చూస్తూ కనీసం రెండు గంటలు కూర్చోబెడతారు. మర్నాటి దాకా బండి నడపకూడదు. మొదటి నెలలో వారానికి రెండుసార్లు ఇదే తంతు. తోడు వచ్చేవాళ్ల కూలీ పోతే, ఆ ఖర్చు ఎవరు లెక్క కడతారు?

బాలింతల డిప్రెషన్‌కు 2023లో అమెరికాలోనే అనుమతి పొందిన జురనలోన్ నన్ను ఎక్కువ కదిలించింది. 14 రోజులు వేసుకునే మాత్ర, కొద్ది రోజుల్లోనే గుణం కనిపిస్తుంది. పాలిచ్చే తల్లులు మాత్రం డాక్టర్‌తో మాట్లాడుకోవాలి. మన ఇళ్లలో ఆ బాధకు "పచ్చి బాలింత, నీరసంలే" అనే మాటే మందు.

ఎవరికి తగ్గ చికిత్స వాళ్లకు అన్నది ఇంకా మొదటి మెట్టు మీదే ఉంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో మెదడు స్కాన్ చూసి, ఆ మనిషికి తగిన చోట అయస్కాంత తరంగాలు ఇస్తారు, రోజుకు 10 సార్లు, 5 రోజులు. ఫలితాలు బాగున్నాయి, కాకపోతే ఆ ప్రయోగంలో ఉన్నది 29 మందే. ఇక జీన్ టెస్టులకు వేలు పోసే ముందు ఆలోచించండి. కొన్ని మందులను ఒళ్లు ఎంత వేగంగా అరిగించుకుంటుందో అవి చెబుతాయి గానీ, ఏ మందుతో దిగులు తగ్గుతుందో కచ్చితంగా చెప్పలేవు.

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం డిప్రెషన్ ఉన్న 100 మందిలో దాదాపు 85 మందికి చికిత్సే అందడం లేదు. వాళ్లకు ఎంత వేగంగా పనిచేసే మందైనా ఒకటే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, మంచిదే. చీటీ రాసిన పదో రోజున ఆస్పత్రి నుంచి కూడా ఒక ఫోన్ రావాలి: "మాత్రలు వేసుకుంటున్నావా అమ్మా? ఇంకో రెండు వారాలు చూద్దాం, మానేయకు."