మూడింట రెండొంతుల పుణ్యం

మా సెంటర్లో ఫ్లెక్సీ మారింది. ఎమ్మెల్యేగారు అదే, దండం పెట్టే చేతులు అవే, నవ్వు కూడా పాతదే. వెనకాల రంగు మాత్రం కొత్తది. గ్రూప్స్‌కి చదువుతున్న మా తమ్ముడి కొడుకు దాని కింద నిలబడి, "పెదనాన్నా, ఇది ఫిరాయింపా, విలీనమా?" అని అడిగాడు. వాడు పాలిటీ పుస్తకం నాలుగుసార్లు తిరగేశాడు, అయినా అనుమానం తీరలేదు. 

"ఎంతమంది వెళ్లారో ముందు లెక్కపెట్టరా" అన్నాను.

పార్టీ మారినవాళ్ల పదవి ఊడగొట్టడానికి రాజ్యాంగంలో పెట్టిన పదో షెడ్యూలు సారాంశం అంతే. ఒక్కడు గోడ దూకితే దొంగ. పార్టీ ఎమ్మెల్యేల్లో మూడింట రెండొంతుల మంది కలిసి దూకితే, గోడే తప్పుచోట కట్టారని అర్థం.

1967లో హర్యానాలో గయాలాల్ అనే ఎమ్మెల్యే పక్షం రోజుల్లో మూడుసార్లు పార్టీ మారాడు. ఆయన దయవల్ల దేశానికి "ఆయారాం గయారాం" అనే మాట దక్కింది. పాపం, అమాయకుడు. వెంట మందను తోలుకెళ్లాలని ఎవరూ చెప్పలేదు. 1985లో 52వ సవరణతో చట్టం వచ్చినప్పుడు మూడింట ఒక వంతు మంది చీలినా తప్పులేదన్నారు. ఇది మరీ చౌకగా ఉందని 2003లో 91వ సవరణతో ఆ చీలిక తీసేసి, మూడింట రెండొంతుల విలీనాన్ని మాత్రం ఉంచారు. చిల్లర బేరాలు బంద్, ఇకపై హోల్‌సేల్ మాత్రమే.

ఈ లెక్కను తెలంగాణ చేసి చూపించినంత శుభ్రంగా ఎవరూ చేయలేదు. 2018లో కాంగ్రెస్‌కు వచ్చినవి 19 సీట్లు. విలీనానికి 13 మంది కావాలి. ఇంతలో ఉత్తమ్‌కుమార్ రెడ్డి నల్గొండ ఎంపీగా గెలిచి అసెంబ్లీకి రాజీనామా చేశారు. మిగిలింది 18, కావాల్సింది 12. 2019 జూన్‌లో సరిగ్గా 12 మంది టీఆర్ఎస్‌లో విలీనమయ్యారు. ఒక్కరు తక్కువ లేదు, ఒక్కరు ఎక్కువ లేదు. మా లెక్కల మాస్టారు బతికుంటే కళ్ల నీళ్లు పెట్టుకునేవారు.

ఆంధ్రాలో ఇంత గణితం పెట్టుకోలేదు. 2014లో వైసీపీ టికెట్ మీద గెలిచిన 23 మంది ఐదేళ్లలో టీడీపీలోకి నడిచారు, 2017లో నలుగురు మంత్రులు కూడా అయ్యారు. 2019లో టీడీపీకి మొత్తం 23 సీట్లే వచ్చాయి. ఆ అంకె గురించి నేనేమీ అనను, జాతకాలు నా సబ్జెక్టు కాదు.

మందలో లెక్క సరిపోకపోతే? కంగారొద్దు, స్పీకర్‌గారున్నారు. అనర్హత తేల్చాల్సింది ఆయనే, ఎన్నాళ్లలో తేల్చాలో మాత్రం చట్టంలో లేదు. అది మరచిపోయి వదిలేసింది కాదు, తొందరపాటు మంచిది కాదన్న పెద్దల వివేకం. బీఆర్ఎస్ టికెట్ మీద ఖైరతాబాద్‌లో గెలిచిన ఎమ్మెల్యే 2024లో కాంగ్రెస్ అభ్యర్థిగా సికింద్రాబాద్ లోక్‌సభకు పోటీ చేశారు. ఊరంతా హస్తం గుర్తు మీద ఆయన పేరు చదివింది. ఆయన పార్టీ మారారా లేదా అన్నది మాత్రం లోతుగా విచారించాల్సిన విషయమే కదా! చివరికి 2025 జులై 31న సుప్రీంకోర్టు, అలాంటి పదిమంది సంగతి మూడు నెలల్లో తేల్చమని స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది.

నా రేషన్ కార్డులో అడ్రస్ మార్చడానికి ఆధార్, కరెంటు బిల్లు, రెండు ఫొటోలు, నాలుగుసార్లు తిరుగుడు అయ్యాయి. పార్టీ మారడానికి మూడు గజాల కండువా, "నియోజకవర్గ అభివృద్ధి కోసం" అనే మూడు మాటలు చాలు. ఇన్ని పార్టీలు తిరిగిన అభివృద్ధి మా వీధి మలుపు దగ్గరున్న గుంట దాకా ఇంకా రాలేదు. దారిలో ఉందట.

ఇంతకీ మావాడి ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఫ్లెక్సీ కింద షాపు ఫోన్ నంబరుంటే, వాళ్లే చెబుతారని వెళ్లాం. ఓనరు కంప్యూటర్లోంచి తల ఎత్తకుండానే అన్నాడు:

"ఆ గొడవంతా మాకెందుకు సార్! ఆయన బొమ్మ బ్యాక్‌గ్రౌండ్ లేకుండా కట్ చేసి పెట్టుకున్నాం. రాత్రి ఫోనొస్తే పొద్దున్నకల్లా కట్టేస్తాం."