గుంపు చప్పుడుకు గ్రాఫ్ గీసిన క్సెనాకిస్

గ్రీకు స్వరకర్త యానిస్ క్సెనాకిస్ పేరెత్తగానే 'లెక్కల సంగీతం' అని పక్కన పెట్టేస్తుంటారు. అందులో నిజం సగమే. లెక్క ఆయనకు పనిముట్టు, పట్టుకోవాలనుకున్నది గుంపు చప్పుడును. నాజీల ఆక్రమణలో ఉన్న ఏథెన్స్ వీధుల్లో వేల గొంతులు ఒకే నినాదం అందుకోవడం, తుపాకులు పేలగానే ఆ లయ చెదిరి కేకలుగా మారడం గురించి తర్వాత ఆయనే చెప్పుకున్నారు. నాజీలు వెళ్లాక బ్రిటిష్ సేనతో జరిగిన పోరులో, 1945 జనవరిలో బ్రిటిష్ ట్యాంకు గుండు ముక్క తగిలి ఎడమ కన్ను పోయింది. 1947లో పారిస్ పారిపోతే, గ్రీసులో ఆయన పరోక్షంలోనే మరణశిక్ష విధించారు.

పారిస్‌లో భవనశిల్పి లె కార్బూజియే ఆఫీసులో ఇంజనీరు కొలువు. మళ్లీ మొదటి నుంచి హార్మనీ (స్వరాలను కలిపి పలికించే పాశ్చాత్య పద్ధతి) నేర్చుకోవాలా అని స్వరకర్త మెస్సియాన్‌ను అడిగితే, అక్కర్లేదు, తెలిసిన గణితాన్నే సంగీతంలోకి తెమ్మన్నారు.

అలా వచ్చిందే 'మెటాస్టాసిస్' అనే ఆర్కెస్ట్రా రచన. 1955లో జర్మనీలోని డోనావెషింగెన్‌లో తొలిసారి వాయించారు. 61 మంది వాద్యకారుల్లో 46 మంది తంత్రీవాద్యాల వాళ్లే. మామూలుగా ఒక వరుస వయొలిన్లన్నీ ఒకటే వాయిస్తాయి, ఇక్కడ 46 మందికీ వేర్వేరు భాగాలు. ఒక్క 'జి' స్వరం దగ్గర మొదలై ఎవరి వేగంతో వాళ్లు జారుతూ విడిపోతారు. గ్రాఫ్ కాగితం మీద అడ్డంగా కాలం, నిలువుగా శ్రుతి పెట్టుకుంటే ఒక్కో జారుడూ ఒక్కో సరళరేఖ. అలాంటి రేఖలు వరుసగా పేరిస్తే వంపు తిరిగిన తలం తేలుతుంది. 1958 బ్రస్సెల్స్ ప్రపంచ ప్రదర్శనలో ఫిలిప్స్ కంపెనీ మంటపం (ఫిలిప్స్ పెవిలియన్) గోడలకు ఆయన వాడింది ఈ పద్ధతే.

చిక్కంతా వాయించేటప్పుడే. వయొలిన్ తీగ దాదాపు 33 సెంటీమీటర్లు. మొదటి స్థాయి (ఒక 'స' నుంచి పై 'స' దాకా) దాటడానికి వేలు పదహారున్నర సెంటీమీటర్లు జరగాలి, రెండో స్థాయికి ఎనిమిది చాలు. వేలిని ఒకే వేగంతో జరిపితే శ్రుతి చివర్లో పరుగెత్తి, సరళరేఖ వంకరపోతుంది. పైకి వెళ్లేకొద్దీ వేలిని నెమ్మది చేయాలి. మన కర్ణాటక సంగీతంలోని జారు గమకం ఒక స్వరం మీద వాలుతుంది కాబట్టి దారిలో కాస్త తేడా వచ్చినా చెల్లుతుంది, ఇక్కడ దారే సంగీతం. పదిమంది గమ్యానికి ముందే చేరి ఆగారంటే మిగిలేది ఒట్టి సైరన్ మోత. ఈ రచనను 'ఎఫెక్ట్'గా వాయించే ఆర్కెస్ట్రాలు తప్పేది సరిగ్గా ఇక్కడే.

1962లో ఐబీఎం 7090 కంప్యూటర్‌తో సంభావ్యతా సూత్రాలు నడిపించి మరికొన్ని రచనలు చేశారు. వాటిలోనూ యంత్రం ఇచ్చిన అంకెలను ఉన్నవున్నట్టు దించలేదు, అవసరమనిపించిన చోట మార్చేశారు. 'లెక్కల సంగీతం' అనేవాళ్లు ముందు ఆ దిద్దుబాట్లు చూడాలి.