ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కన్నా ముందు డెల్టాకు కావాల్సింది ఒక చిన్న సీసా

బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు ఒంట్లో ఇంకో జీవి కాపురం ఉంటోందని స్పష్టంగా చూపించింది ఎలక్ట్రాన్ మైక్రోస్కోపే. 1970లలో కొందరు పరిశోధకులు ఈ జాతి పురుగులను బాగా పల్చగా కోసి ఆ యంత్రంలో పెట్టి చూస్తే, పురుగు చర్మం కింది కణాల్లోనూ, ఆడపురుగు గర్భాశయంలోనూ, చివరికి గుడ్లలోనూ బ్యాక్టీరియా లాంటివి కనిపించాయి. అంటే తల్లి నుంచి పిల్లకు అవి వారసత్వంగా పోతున్నాయన్నమాట. చూసినవాళ్ళు రాసిపెట్టారు, కానీ ఇరవై ఏళ్ళ పాటు ఆ సంగతి దాదాపు పక్కనే ఉండిపోయింది. 1990ల మధ్యలో డీఎన్ఏ చదివాక అవి వోల్బాకియా అనే బ్యాక్టీరియా అని తేలింది. ఆ బ్యాక్టీరియాను చంపితే ఆడపురుగు పిల్ల పురుగులను పుట్టించలేకపోతుంది, మెల్లగా తనూ చస్తుంది. డాక్సీసైక్లిన్ అనే పాత యాంటీబయాటిక్‌ను నాలుగు నుంచి ఆరు వారాలు ఇచ్చి చూసిన ప్రయోగాలు దాన్నే చూపించాయి. (ఇది చదివి ఎవరూ సొంతంగా మొదలుపెట్టకండి. గర్భిణులకు, చిన్నపిల్లలకు ఇది పడదు, డాక్టర్ చూసి ఇవ్వాల్సిన కోర్సు ఇది.)

ఈ కథ మన గోదావరి డెల్టాకు పరాయిది కాదు. ఇంటింటికీ వచ్చి మింగించే డీఈసీ మాత్ర ఫైలేరియా మీద పనిచేస్తుందని 1947లో బయటపెట్టిన అమెరికా మందుల కంపెనీ లెడర్లీ పరిశోధక బృందానికి నాయకుడు 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. కాలువలు, మురుగు, క్యూలెక్స్ దోమ, వాచిన కాళ్ళు చూస్తూ పెరిగిన నేల ఇది. అయితే డీఈసీ ప్రధానంగా రక్తంలో తిరిగే పిల్ల పురుగులను తుడిచేస్తుంది, లింఫ్ నాళాల్లో ఏళ్ళ తరబడి కూర్చునే పెద్ద పురుగుల మీద దాని దెబ్బ పూర్తిగా పడదు. అందుకే ఏటా మళ్ళీ మళ్ళీ మింగించాలి. ఆ పెద్ద పురుగును ఇంకో దారిలో కొట్టొచ్చన్న ఆలోచనకు మొదటి ఆధారం ఒక నలుపు తెలుపు ఫొటోలో దొరికింది.

నేను చెప్పదలుచుకున్నది ఆ ఫొటో గురించే. ఇలాంటి ఫొటో మన దగ్గరి రోగుల నుంచి, మన చెరువుల నుంచి రావాలంటే ఏం కావాలి? ఈ మాట ఎత్తగానే అందరూ యంత్రం దగ్గరికి వెళ్ళిపోతారు. ఎన్ని కోట్లు, ఎవరు ఇస్తారు, ఏ కాలేజీలో పెడతారు, ఎవరు ప్రారంభిస్తారు. నా ఉద్దేశంలో యంత్రం ఈ పనిలో మధ్య మెట్టు మాత్రమే. దానికి ముందు ముక్కను సిద్ధం చేసే చెయ్యి, దాని తర్వాత బొమ్మను చదివే కన్ను, ఈ రెండూ లేకపోతే ఎంత ఖరీదైన యంత్రమైనా అబద్ధమే చూపిస్తుంది.

మామూలు మైక్రోస్కోప్ వెలుగుతో చూస్తుంది కాబట్టి సుమారు 200 నానోమీటర్ల కన్నా దగ్గరగా ఉన్న రెండు వస్తువులను విడదీసి చూపించలేదు. 1931లో బెర్లిన్‌లో ఎర్నెస్ట్ రుస్కా, మాక్స్ నోల్ వెలుగు బదులు ఎలక్ట్రాన్లను, గాజు లెన్సు బదులు అయస్కాంత క్షేత్రాన్ని వాడారు. రుస్కాకు నోబెల్ 1986లో గానీ రాలేదు. మన దేశంలో 1940లలోనే కలకత్తాలో నీరజ్‌నాథ్ దాస్‌గుప్తా ఇలాంటి యంత్రాన్ని స్వయంగా తయారు చేయించారు. ఆ రోజుల్లో అదెంత సాహసమో, ఇప్పుడు కొనుక్కోవడమే పెద్ద పనిగా భావిస్తున్న మనం ఒకసారి ఆలోచించాలి.

ఇక అసలు కష్టం. ఎలక్ట్రాన్లు గాలిలో ప్రయాణించలేవు, కాబట్టి లోపల శూన్యం ఉండాలి. శూన్యంలో తడి కణం నిలవదు. అందుకని కణజాలం ఒంట్లోంచి బయటికి వచ్చిన నిమిషాల్లోనే, ఒక మిల్లీమీటరుకు మించని ముక్కగా కోసి, కణాన్ని ఉన్నదున్నట్టు నిలబెట్టే చల్లటి గ్లూటరాల్డిహైడ్‌లో వెయ్యాలి. తర్వాత ఆస్మియం టెట్రాక్సైడ్, దాని ఆవిరి కళ్ళను పాడుచేస్తుంది. తర్వాత నీరంతా తీసేసి రెజిన్‌లో గట్టిపరిచి, వజ్రపు కత్తి ఉన్న అల్ట్రామైక్రోటోమ్ మీద 60 నుంచి 90 నానోమీటర్ల మందాన కొయ్యాలి, అంటే తల వెంట్రుక మందంలో సుమారు వెయ్యో వంతు. ఆ పొరను 3 మిల్లీమీటర్ల రాగి జల్లెడ మీద ఎక్కించి, యురేనియం, సీసం లవణాలతో రంగు పట్టించాలి. ఇదంతా చేత్తో చేసే పని, ఏళ్ళు పడుతుంది పట్టు రావడానికి. మొదటి అయిదు నిమిషాల్లో పొరపాటు జరిగితే ఆ తర్వాత ఎంత నైపుణ్యం ఉన్నా లాభం లేదు. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా చచ్చిపోతూ ఉబ్బితే, దాన్ని చూసి ఇదే జబ్బు అనుకునే ప్రమాదం ఉంది.

పెద్దపెద్ద వాళ్ళే ఇక్కడ తప్పుదోవ పట్టారు. 1950లలో బ్యాక్టీరియాలను ఇలా కోసి చూసినప్పుడు లోపల మడతలు పడిన పొరలు కనిపించాయి, వాటికి మెసోసోమ్ అని పేరు పెట్టారు, పనులు కూడా అంటగట్టారు. కొన్నాళ్ళకు అదే బ్యాక్టీరియాను రసాయనాలు లేకుండా మెరుపు వేగంతో గడ్డకట్టించి చూస్తే ఆ మడతలు లేవు. రసాయనం పుట్టించిన రూపం అది. మన పిల్లలు చదివే ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి జీవశాస్త్రంలో కూడా మెసోసోమ్ ఒక నిజమైన నిర్మాణంగా చోటు సంపాదించుకుంది. ఇలా గడ్డకట్టించి చూసే పద్ధతినే ప్రొటీన్ల లాంటి జీవ అణువుల స్థాయికి తీసుకెళ్ళినందుకు 2017లో డ్యుబోషే, ఫ్రాంక్, హెండర్సన్‌లకు కెమిస్ట్రీ నోబెల్ ఇచ్చారు.

మన ఊళ్ళలో ఈ పరీక్ష నేరుగా తగిలేది కిడ్నీ జబ్బుల్లో. ముఖం, కాళ్ళు వాచి, మూత్రంలో ప్రొటీన్ పోతున్న పిల్లవాడు అమలాపురం నుంచో నరసాపురం నుంచో ఆస్పత్రికి వస్తాడు. ఎక్కువమంది పిల్లలు స్టెరాయిడ్‌తోనే తేరుకుంటారు, బయాప్సీ అవసరమే రాదు. మందుకు లొంగని వాళ్ళకే సూది గుచ్చి ముక్క తీస్తారు. ఆ ముక్క మామూలు మైక్రోస్కోప్ కింద చాలాసార్లు మామూలుగానే ఉంటుంది, ఎందుకంటే పాడైంది రక్తాన్ని వడగట్టే పొర మీద పోడోసైట్ కణాలు చాచే సన్నటి పాదాలు, అవి చెదిరి పరుచుకుపోయిన సంగతి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లోనే తెలుస్తుంది. అలాగే మూత్రంలో రక్తం, వినికిడి తగ్గడం, ఇంట్లో మేనమామకో అన్నకో అదే తంటా ఉంటే ఆల్పోర్ట్ సిండ్రోమ్ అనుమానించాలి. అందులో వడపోత పొర ఒకచోట పల్చబడి, ఒకచోట పొరలు పొరలుగా చీలి కనిపిస్తుంది. జన్యు పరీక్ష అందుబాటులో లేని కుటుంబానికి ఈ ఫొటోయే పెద్ద దిక్కు. పేరు తెలిస్తే అనవసరమైన స్టెరాయిడ్ ఆగుతుంది, తమ్ముడి మూత్రం కూడా పరీక్ష చేయిస్తారు.

కానీ కిడ్నీ బయాప్సీ తీసినప్పుడు ముక్కను మూడు భాగాలు చెయ్యాలి: ఫార్మలిన్‌లో ఒకటి, ఇమ్యునోఫ్లోరెసెన్స్ అనే మెరిసే రంగుల పరీక్షకు ఒకటి, గ్లూటరాల్డిహైడ్‌లో ఒకటి. చిన్న చోట్ల ఉండేది ఫార్మలిన్ డబ్బా ఒక్కటే. మొత్తం అందులో పడేస్తే తర్వాత దాన్ని తీసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌కు పంపొచ్చు, కొంత కనిపిస్తుంది కూడా, కానీ సన్నటి వివరం దెబ్బతింటుంది. హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఎంత మంచి యంత్రం ఉన్నా, ఇక్కడ బయాప్సీ గదిలో ఒక చిన్న సీసా లేకపోవడం వల్ల ఆ కుటుంబానికి సగం జవాబే వస్తుంది. ఇది నాకు మింగుడుపడని విషయం. ఆ సీసాకు కోట్లు అక్కర్లేదు.

చెరువుల దగ్గరా ఇదే సమస్య. 1990ల మధ్యలో టైగర్ రొయ్యను తుడిచిపెట్టిన వైట్ స్పాట్ వైరస్ తెచ్చిన అప్పులు ఎందరి ఇళ్ళు కూల్చాయో మన వైపు ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆ వైరస్ కడ్డీలా ఉంటుందని, ఒక కొసన తోకలాంటి పోగు ఉంటుందని చూపించింది ఎలక్ట్రాన్ మైక్రోస్కోపే. ఇప్పుడు వనామీ రైతును పట్టి పీడిస్తున్న సూక్ష్మ పరాన్నజీవి ఈహెచ్‌పీ ఇంకా మొండిది. రొయ్య ఒక్కసారిగా చావదు, మేత తింటూనే ఉంటుంది, సైజు పెరగక కౌంట్ రాదు. దాన్ని థాయిలాండ్‌లో పరిశోధకులు 2009లో కొత్త జాతిగా వర్ణించినప్పుడు, మైక్రాన్‌కు కాస్త ఎక్కువ పొడవున్న స్పోరులో చుట్టలు చుట్టుకున్న గొట్టాన్ని చూసే, డీఎన్ఏతో కలిపి, అదేమిటో తేల్చారు. ఆ గొట్టాన్ని విసిరి, రొయ్యలో మేతను అరిగించే హెపాటోపాంక్రియాస్ అనే అవయవపు కణంలోకి దిగుతుంది అది.

భీమవరం చుట్టూ జన్యు పదార్థాన్ని వెతికే పీసీఆర్ ల్యాబులు ఉన్నాయి కదా, ఇదెందుకు అని అడగొచ్చు. పీసీఆర్ మనం పేరు చెప్పి అడిగినదాన్నే వెతుకుతుంది. ఈహెచ్‌పీ ప్రైమర్ (దాన్ని వెతికే డీఎన్ఏ ముక్క) వేస్తే ఈహెచ్‌పీ ఉందో లేదో చెబుతుంది, అంతే. కొత్త తెగులు వచ్చి అన్ని రిపోర్టులూ నెగెటివ్ వస్తూ రొయ్యలు మాత్రం తేలుతున్న రోజున, ముందుగా ఏమీ అనుకోకుండా కణం లోపలికి చూడగలిగే పరీక్ష కావాలి. 1973లో మెల్‌బోర్న్‌లో రూత్ బిషప్ బృందం విరేచనాలతో బాధపడే పిల్లల పేగు ముక్కల్లో రోటావైరస్‌ను అలాగే కనిపెట్టింది, దానికి టీకా వచ్చి 2016లో మన రాష్ట్రంలో పిల్లలకు ఉచితంగా వేయడం మొదలైంది. రొయ్య విషయంలో ఒక చిక్కు, దాని హెపాటోపాంక్రియాస్ చచ్చిన వెంటనే తనను తాను అరిగించుకోవడం మొదలుపెడుతుంది. ఐస్ పెట్టెలో తెచ్చిన రొయ్య పీసీఆర్‌కు పనికొస్తుంది, దీనికి పనికిరాదు. బతికున్న రొయ్యను గట్టు మీదే కోసి సీసాలో వెయ్యాలి.

నానో పదార్థాల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మన కాలేజీల నుంచి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌కు వెళ్ళే శాంపిళ్ళలో నాకు తరచూ వినపడేవి ఇవే. వేపాకు రసం, తులసి రసం, మునగాకు రసం, వాటితో వెండి నానో కణాలు. డబ్బు కట్టి ఫొటో తెప్పించుకుని, కణం సైజు ఇంత అని పేపర్లో వేస్తారు. ఆ పిల్లల కష్టం మీద నాకు గౌరవం ఉంది, తప్పు వాళ్ళకు దారి చూపాల్సిన వాళ్ళది. జల్లెడ మీద ఎండబెట్టినప్పుడు కణాలు గుంపులు కడతాయి, రక్తంలో వేస్తే ప్రొటీన్ల తొడుగు వేసుకుని ఇంకోలా మారతాయి. వైద్యానికి పనికొచ్చే ప్రశ్న, అవి కణం లోపలికి వెళ్ళాయా, వెళితే ఎక్కడ ఆగాయి అన్నది. అక్కడ కూడా జాగ్రత్త కావాలి, రంగు కోసం వాడిన సీసం, యురేనియం మిగిలిపోయి నల్లటి చుక్కల్లా ఉంటాయి, అచ్చం నానో కణాల్లాగే. ఎక్స్‌రే ద్వారా ఆ చుక్కలో ఏ లోహం ఉందో తేల్చకుండా వెండి లోపలికి వెళ్ళిందని రాయకూడదు. డాక్సిల్ అనే క్యాన్సర్ మందులో, సుమారు 100 నానోమీటర్ల కొవ్వు బుడగ లోపల మందు స్ఫటికంలా పేరుకుని ఉంటుందని గడ్డకట్టించి తీసిన ఫొటోలే చూపించాయి. మందు ఎందుకు బయటికి కారిపోకుండా ఉంటుందో దాంతో అర్థమైంది. ఫొటో ఒక ప్రశ్నకు జవాబు చెప్పడమంటే అదీ.

చదివే కన్ను గురించి ఒక్క ఉదాహరణ చాలు. 2020లో కిడ్నీ కణాల్లో కరోనా వైరస్‌ను చూశామని ప్రసిద్ధ పత్రికల్లో ఫొటోలు వచ్చాయి. అనుభవజ్ఞులు వెంటనే అభ్యంతరం చెప్పారు, అవి ప్రతి కణంలోనూ ఉండే మామూలు తిత్తులని. అదే ఏడాది పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ (ఎన్ఐవీ) వాళ్ళు కేరళ తొలి రోగి గొంతు నమూనా నుంచి ఫొటో తీసినప్పుడు, ఆ నమూనాలో కరోనా ఉందని జన్యు పరీక్షతో ముందే తేల్చుకున్నారు. రెండు ఆధారాలు కలవాలి.

కాబట్టి డెల్టాలో పెద్ద యంత్రం పెట్టాలన్న కోరికను నేను కాదనను, కానీ అది మొదటి పని కాదు. ఒండ్రు నేల, పైకే ఉండే నీటిమట్టం, రోడ్డు మీద లారీలు, ఉక్కపోత, కరెంటు ఒడిదుడుకులు, ఇవన్నీ ఈ యంత్రానికి పడనివే. గది కదలకుండా కట్టాలి, గాలి తేమ అదుపులో ఉండాలి, ఏటా మెయింటెనెన్స్ కాంట్రాక్ట్ డబ్బు ఆగకూడదు. ఇవేవీ ఆలోచించకుండా కొంటే మూడో ఏడాదికి తలుపుకు తాళం పడుతుంది. ఈలోగా చేయగలిగినవి ఉన్నాయి. కాకినాడ, రాజమహేంద్రవరం, ఏలూరు బోధనాసుపత్రుల్లో బయాప్సీ గదికి ఇద్దరేసి టెక్నీషియన్లకు ఈ తయారీలో శిక్షణ ఇప్పించాలి, తాజా గ్లూటరాల్డిహైడ్ సీసాలు ఫ్రిజ్‌లో ఉండేలా ఒకరిని బాధ్యులను చెయ్యాలి. ఫిషరీస్ వాళ్ళు చెరువు గట్టుకు అవే సీసాలు తీసుకెళ్ళాలి. దేశంలో ప్రభుత్వ పరికరాలను బయటివాళ్ళు బుక్ చేసుకోవడానికి 2020లో వచ్చిన ఐ-స్టెమ్ పోర్టల్ ఉంది, హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ లాంటివి ఉన్నాయి, వాటితో జిల్లా ఆస్పత్రికి ఒక లిఖిత ఒప్పందం ఉండాలి. రిపోర్టు ఎన్ని రోజుల్లో వస్తుంది, చార్జీ ఎవరు కడతారు అన్నది అందులోనే రాసుకోవాలి, రోగి తండ్రి చేతిలో పెట్టెతో బస్సెక్కే పరిస్థితి రాకూడదు. ఏడాది పాటు ఎన్ని ముక్కలు పంపారో, ఎన్నింటికి రోగనిర్ధారణ మారిందో లెక్క రాసి పెడితే, అప్పుడు యంత్రం కావాలని అడగడానికి మన దగ్గర సొంత లెక్క ఉంటుంది.