మాయా వాళ్లకు జింకంటే ఒట్టి మాంసమేనా?

మెక్సికో, గ్వాతెమాలా వైపు వెలసిన మాయా నాగరికత గురించి చాలామంది షేర్ చేసే మాట ఒకటుంది. వాళ్లకు పవిత్రమైంది చిరుతలాంటి జాగ్వారేనట, జింక కూరకేనట. కుండల మీద జింక కనిపిస్తే అది వేట బొమ్మేనట. పుస్తకాలేమో దాని తోలు మీద రాసుకున్నారట. జాగ్వార్ గొప్పతనం సరే, మిగతా మాటలే తప్పు.

ముందు మాంసం సంగతి. తిన్నారు, నిజమే. వాళ్లు వేటాడిన పెద్ద జంతువుల్లో తెల్లతోక జింకే ముఖ్యం. కానీ తిన్నంత మాత్రాన పవిత్రం కాకుండా పోతుందా? ఇప్పటిదాకా మిగిలిన మాయా పుస్తకాల్లో ఒకటైన డ్రెస్డెన్ పుస్తకంలో కొత్త సంవత్సరం పూజల పేజీల్లో జింక తొడ నైవేద్యంగా కనిపిస్తుంది. గ్వాతెమాలాలోని అటిట్లాన్ సరస్సు దగ్గర వేటగాళ్లు తిన్న జంతువుల ఎముకలను పారేయకుండా కొండరాళ్ల దగ్గరి పూజాస్థలాలకు తిరిగి చేరుస్తారు. వాటి నుంచి జంతువులు మళ్లీ పుడతాయని వాళ్ల నమ్మకం.

నన్ను బాగా కదిలించింది ఎల్ సాల్వడార్‌లోని హోయా దె సెరేన్. సుమారు 1400 ఏళ్ల క్రితం అగ్నిపర్వతం బూడిద కింద ఊరు ఊరంతా పూడిపోయింది. మట్టి గోడలు, కుండల్లో గింజలు కూడా అలాగే మిగిలాయి. అక్కడ పండగ సామాను దాచిన ఒక ఇంట్లో జింక పుర్రె దొరికింది. దానికి ఎర్ర రంగు పూశారు, తలకు కట్టుకోడానికి వాడిన తాడు ఆనవాళ్లూ ఉన్నాయి. రాజుల కోటలో దొరికింది కాదది, రైతుల పల్లెలో దొరికింది. కూరకే అయితే పుర్రెకు రంగెందుకు, తాడెందుకు? ఎన్నో వందల ఏళ్ల తర్వాత మెక్సికోలోని యుకతాన్‌లో దియెగో దె లాండా అనే స్పెయిన్ పాద్రీ కూడా ఇలాంటిదే రాశాడు. మాయా క్యాలెండర్‌లోని సిప్ నెల పండగలో వేటగాళ్లు నీలం పూసిన జింక తల, బాణం పట్టుకుని ఆడేవాళ్లట. 1562లో మానీ ఊళ్లో మాయా పుస్తకాలు తగలబెట్టించింది కూడా ఈయనే.

వేట బొమ్మలు లేవనను. ఉచ్చులో చిక్కిన జింకలు మాద్రిడ్ పుస్తకం అనే మరో మాయా పుస్తకంలో బోలెడు. కానీ కొన్ని కుండల మీద జింకల యజమాని సిప్ అనే ముసలి దేవుడుంటాడు, ఒక పడుచు అమ్మాయి జింక వీపు మీద కూర్చుని వెళ్లిపోతూ ఉంటుంది. ఇది వేటెలా అవుతుంది? కలక్‌ముల్ అనే మాయా నగరపు రాజవంశానికి తోడుండే భూతం కొమ్ముల పాము. దాని పేరు చిహ్‌చాన్, అంటే జింక పాము.

తోలు మాట పూర్తిగా పొరపాటు. మిగిలిన నాలుగు మాయా పుస్తకాలూ అత్తి జాతి చెట్టు బెరడు దంచి సున్నం పూసిన కాగితం మీదే ఉన్నాయి. మన మర్రి, రావి కూడా ఆ జాతివే. జింక తోలు పుస్తకాలు మెక్సికోలోని ఒహాకా వైపు ఉండే మిష్టెక్ అనే వేరే జాతి వాళ్లవి. రెండూ మడత పుస్తకాలే కాబట్టి కలిపేస్తున్నారు.

ఇక క్యాలెండర్. 20 రోజుల పేర్లలో ఒకటి గ్వాతెమాలాలోని కిచె అనే మాయా భాషలో కెహ్, అంటే జింక. పాత రాతలో ఆ రోజు గుర్తు మాత్రం వేళ్లు, బొటనవేలు కలిపిన చెయ్యి. జింక బొమ్మ లేదని దాటేయకండి. ఆ చేతిని ‘చి’ అని చదువుతారు, శాసనాల భాషలో జింక పేరు ‘చిహ్’. గ్వాతెమాలా కొండల్లో రోజులు లెక్కపెట్టే పెద్దలు ఇప్పటికీ 20 రోజులకోసారి కెహ్ రోజున మొక్కుకుంటారు.